మన పీఠభూమి గాలిలో నమూనా విమానం

రేడియో తరంగాల సహాయంతో నేలపై నుండి నడుపు చిన్న విమానాన్ని పలువురు ఆటవస్తువుగా భావింతురు. కాని దానిని స్వయంగా నిర్మించిన విద్యార్థికి బలాలు, వాయుసాంద్రత, విద్యుత్తు, రేడియో తరంగాలు అను నాలుగు పాఠాలు ఒకేచోట బోధపడును. కరవు సీమలో ఒక కిట్టు వెల ఏ కుటుంబానికైనా చిన్న మొత్తం కాదు. తొలినాడే అది నేలకూలకుండ ఉండవలెనన్న, కట్టుటకు ముందే మన గాలికి తగిన లెక్క వేసికొనవలెను.

పూర్వ చరిత్ర

తొమ్మిదవ శతాబ్దంలో కార్డోబా నగరవాసి అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ రెక్కలు ధరించి కొంతదూరం ఎగిరి, దిగునప్పుడు గాయపడెనని అనేక శతాబ్దాల తరువాత చరిత్రకారుడు అల్ మఖ్ఖరీ వ్రాసెను. పక్షులు దిగునప్పుడు తోకను వినియోగించుననుట గమనించక, తోక అమర్చకపోవుటయే అందుకు కారణమని ఆయన పేర్కొనెను. 1898లో నికోలా టెస్లా న్యూయార్కులో రేడియోతో నడచు పడవను ప్రదర్శించెను. అమెరికాలో వాల్టర్, విలియం గుడ్ అను సోదరులు తమ ‘గఫ్’ అను నమూనా విమానాన్ని 1937లో రేడియోతో నడిపిరి.

కిట్టులోని భాగాలు

సాధారణ శిక్షణ విమానపు కిట్టులో బాల్సా కర్రతోగాని, ఫోముతోగాని చేసిన రెక్క, శరీరం, తోక ఉండును. మోటారు, దాని వేగాన్ని నియంత్రించు సాధనం, లిథియం పాలిమర్ బ్యాటరీ, రిసీవరు, సర్వోలు అమర్చుకొనవలెను. చేతిలోని ట్రాన్స్‌మిటరు పంపిన సంకేతాన్ని రిసీవరు గ్రహించి సర్వోకు అందించును. సర్వో తన చిన్న చేతిని త్రిప్పి తోకలోని పలకను కదల్చును. పూర్వపు సెట్లలో ఒకే ఫ్రీక్వెన్సీపై ఇద్దరు నడిపినచో రెండు విమానాలును అదుపు తప్పెడివి. నేటి 2.4 గిగాహెర్ట్జ్ సెట్లలో ప్రతి రిసీవరు తన ట్రాన్స్‌మిటరును మాత్రమే గుర్తించును.

మన గాలి లెక్క

రెక్కపై కలుగు ఊర్ధ్వబలం గాలి సాంద్రతకు, రెక్క వైశాల్యానికి, వేగపు వర్గానికి అనులోమంగా ఉండును. సముద్రమట్టమున, 15 డిగ్రీల సెల్సియస్ వద్ద ఘనమీటరు గాలి 1.225 కిలోగ్రాములు తూగును. అనంతపురం సుమారు 335 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇచ్చట వేసవిలో 40 డిగ్రీల వేడిమిలో ఆ బరువు సుమారు 1.08 కిలోగ్రాములే. అనగా గాలి తొమ్మిదవ వంతుకు మించి పలుచబడినది. కావున విమానం పడిపోకుండ నిలుచుటకు కావలసిన కనిష్ఠ వేగం సుమారు 6 శాతం పెరుగును.

ఇది చాలదన్నట్లు, రాళ్ల నేలపై దిగుటకని గట్టి చక్రాలు, పెద్ద బ్యాటరీ చేర్చి కిలోగ్రాము విమానాన్ని 1.2 కిలోగ్రాములు చేసితిమా, ఆ వేగం మరి 9 శాతానికి పైగా పెరుగును. రెండును కలిసినచో పెరుగుదల 16 శాతం. నేర్చుకొను చేతికి అది ప్రమాదకరం.

చేయదగిన మార్పులు

మొదటిది రెక్క పొడిగింపు. 120 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పుగల రెక్కకు ఇరువైపుల పది సెంటీమీటర్ల చొప్పున చేర్చినచో వైశాల్యం ఆరవవంతు హెచ్చును. చేర్చిన బరువు 50 గ్రాములు మించనిచో, ఎండవలన కలిగిన నష్టంలో అధికభాగం తీరును. అయితే లోపలి దూలాన్ని అతుకువద్ద బలపరచవలెను.

రెండవది గరిమనాభి. ఏ వస్తువు చేర్చినను, జరిపినను దానిని తిరిగి చూచుకొనవలెను. పై రెక్కకు అది ముందంచు నుండి 5, 6 సెంటీమీటర్ల నడుమ ఉండుట క్షేమం. రెక్క క్రింద ఆ చోట రెండు వ్రేళ్లపై నిలిపినచో విమానం సమంగా నిలువవలెను. తోక బరువైనచో బ్యాటరీని ముందుకు జరుపవలెను. బరువు కట్టుట కడపటి ఉపాయం.

మూడవది వాతావరణ రక్షణ. తేమ తక్కువైనందున త్వరగా అంటు జిగురు ఇచ్చట నిదానంగా గట్టిపడును. బాల్సా పలకలు వంకరపోవును. వానిని చదునైన బల్లపై బరువుంచి ఆరనీయవలెను. ఎర్రమట్టి ధూళి సర్వోలలో చేరకుండ రంధ్రాలు కప్పవలెను, కాని మోటారుకు గాలి తగులు దారి మూయరాదు. బ్యాటరీని ఎండలో వదలరాదు.

నాలుగవది, ఖర్చులేనిది, వేళను మార్చుట. రామగిరి కొండలపై గాలిమరలు త్రిప్పు గాలి జూన్ నుండి ఆగస్టు వరకు ఉధృతం. తేలిక విమానాన్ని అది ఎండుటాకువలె కొట్టుకొనిపోవును. శీతకాలపు సూర్యోదయవేళ గాలి నిశ్చలం, చల్లన, కావున దట్టం. 22 డిగ్రీలవద్ద సాంద్రత 1.15 వరకుండును. వేరుశనగ పంట తీసిన చేను, యజమాని అనుమతితో, దిగుటకు అనువైన మైదానం.

ఎగురవేయుటకు ముందు

ప్రతి పలక సరియైన దిశలో కదలుచున్నదో లేదో ట్రాన్స్‌మిటరుతో చూడవలెను. కుడికి త్రిప్పిన ఎడమకు తిరుగు విమానం కొన్ని క్షణాలలోనే కూలును. 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాములకు మించి 2 కిలోగ్రాముల వరకుగల యంత్రాన్ని వ్యాపారేతరంగా నడుపువారికి పైలట్ ధృవపత్రం అవసరం లేదు. అయినను డిజిటల్ స్కై పటంలో ఆ ప్రదేశం ఏ మండలమో చూడవలెను. పుట్టపర్తి విమానాశ్రయ పరిసరాలలో అనుమతి లేనిదే ఎగురవేయరాదు. విమానం ఎల్లప్పుడు కంటికి కనబడుచుండవలెను. మనుషులపై, పశువులపై పోనీయరాదు.

ఒక ట్రాన్స్‌మిటరులో పెక్కు నమూనాల అమరికలు నిలువచేయవచ్చును. కావున భౌతికశాస్త్ర శాఖకు ఒక సెట్టు, ఒక కిట్టు సమకూర్చినచో, ఐదారుగురు విద్యార్థులు కలిసి కట్టుకొను విమానాలన్నింటికి అది చాలును. కళాశాల కమిటీవారు ఈ విషయాన్ని ఆలోచింతురు గాక. కిట్టు పెట్టెలోని సూచనలు వేరొక దేశపు గాలికి వ్రాసినవి కావచ్చును. మన ఎత్తు, మన ఎండ, మన గాలి లెక్కలో చేర్చు బాధ్యత మనదే.