పగటి నిడివిని బట్టి పంట: ఖరీఫ్ విత్తనానికి ముందు గమనించవలసినవి

ఆరుద్ర కార్తె ప్రవేశించే రోజుల్లోనే, అంటే జూన్ 21, 22 తేదీల్లో, తెలుగు నేలపై ఏడాదిలోకెల్లా పొడవైన పగలు వస్తుంది. హైదరాబాదు అక్షాంశం దగ్గర ఆనాటి పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు ఉంటే, డిసెంబరు 21, 22 నాటికి అది 11 గంటల 5 నిమిషాలకు దిగుతుంది. తేడా రెండు గంటలే కదా అని తీసిపారేయడానికి వీల్లేదు. విత్తిన మొక్క ఎప్పుడు పూతకు రావాలో అనేక పంటల్లో తేల్చేది ఆ రెండు గంటలే. వర్షం పదిహేను రోజులు ముందో వెనకో రావచ్చు గాని పగటి నిడివి ఏటా ఆ తేదీకి అంతే ఉంటుంది కాబట్టి, అదను తప్పినప్పుడు రకాన్నీ మొక్కల మధ్య దూరాన్నీ మార్చుకోవాలే తప్ప, జూన్‌కు వేసుకున్న లెక్కను ఆగస్టులో అమలు చేయకూడదు.

భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల రాత్రింబగళ్లు ఏర్పడతాయి. దీన్ని భ్రమణం అంటారు. సూర్యుని చుట్టూ ఏడాదికొకసారి తిరిగివచ్చే పరిభ్రమణంలో భూమి అక్షం నిటారుగా నిలవక 23.5 డిగ్రీలు వాలి, ఆ వాలు ఎప్పుడూ ఒకే దిక్కుకు ఉండటం వల్ల, ఉత్తరార్ధగోళం ఆరు నెలలు సూర్యుని వైపు మొగ్గి, ఆరు నెలలు పెడమొగం పెడుతుంది. రుతువులకు మూలం ఈ వాలే గాని సూర్యుడు దగ్గర పడటం, దూరం కావడం కాదు. నిజానికి భూమి సూర్యునికి అతి చేరువగా, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండేది మనకు చలికాలమైన జనవరి మొదటి వారంలో, అతి దూరంగా, 15.2 కోట్ల కిలోమీటర్ల వద్ద ఉండేది జులై మొదటి వారంలో.

హైదరాబాదులో మే 9 ప్రాంతంలోనూ, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలోనూ సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మొదటిసారి ఆకాశం నిర్మలంగా ఉంటుంది కాబట్టి నేల మండిపోతుంది, రెండోసారి నైరుతి మబ్బులు అడ్డుపడతాయి. ఈ రెండు తేదీల నడుమ సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరాన నడుస్తాడు. అందుకే జూన్ 21 మధ్యాహ్నం పొలంలో పాతిన మీటరు కర్ర నీడ దక్షిణం వైపు పది సెంటీమీటర్ల మేర మాత్రమే పడితే, డిసెంబరు 21న అదే కర్ర నీడ ఉత్తరం వైపు 86 సెంటీమీటర్ల దాకా సాగుతుంది. గట్ల మీద టేకు, సుబాబుల్ పెంచే రైతులు ఈ సంగతి గుర్తించాలి. దక్షిణపు గట్టు మీది చెట్లు వానాకాలం పైరును అంతగా బాధించకపోయినా రబీ పైరు మీద నీడ కప్పుతాయి. ఉత్తరపు గట్టున నాటితే సొంత పొలానికి నీడ బెడద తగ్గుతుంది గాని, ఆ నీడ పొరుగువారి చేలో పడుతుంది కనుక ముందుగా ఒక మాట అనుకోవడం మేలు.

పగటి నిడివికి మొక్క స్పందించే గుణాన్ని 1920లో అమెరికా శాస్త్రవేత్తలు గార్నర్, అలార్డ్ వెల్లడించారు. ఎండాకాలమంతా పూయకుండా ఎత్తుకు పెరిగే ఒక పొగాకు రకాన్ని రోజూ కొన్ని గంటలు చీకటి గదిలో ఉంచితే పూత వచ్చింది. మొక్క కొలిచేది అసలు పగటిని కాదు, ఎడతెగని చీకటిని అని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. రాత్రి పెరిగి పగలు తగ్గినప్పుడు పూసేవాటిని హ్రస్వదిన మొక్కలంటారు. కంది, గోగు, ఉలవ ఈ కోవలోవి.

వీటిలో కంది ప్రవర్తన చాలా స్పష్టంగా కనిపిస్తుంది. ఎల్.ఆర్.జి. 41, ఆశ వంటి రకాలను జూన్‌లో వేస్తే పొడవైన పగళ్లలో కొమ్మలు విస్తరించి మనిషెత్తు పెరిగి, పగలు తగ్గుతూ వచ్చాక పూతకు వచ్చి, ఆరు నెలలకు కోతకొస్తాయి. అదే కందిని సెప్టెంబరులోనో అక్టోబరు మొదట్లోనో వేస్తే పుట్టడమే పొట్టి పగళ్లలోకి పుడుతుంది కాబట్టి నడుమెత్తు కూడా రాకముందే మొగ్గ తొడిగి, నాలుగు నెలలు దాటీ దాటకముందే చేతికొస్తుంది. మొక్క చిన్నదైనప్పుడు కాయలూ తక్కువే కనుక ఆ లోటును మొక్కల సంఖ్యతో పూడ్చాలి. నల్లరేగడిలో వానాకాలం నాలుగైదు అడుగులు వదిలే సాళ్ల దూరాన్ని రబీలో రెండడుగులకు లోపు దించి, ఎకరాకు రెండు మూడు కిలోలు సరిపోయే విత్తనాన్ని ఐదారు కిలోలకు పెంచాలి. రబీ కంది దిగుబడి రాలేదనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం విత్తనం కాదు, ఖరీఫ్ దూరాన్నే పాటించడం.

వరిలో చిక్కు వేరు. ఇప్పుడు సాగులో ఉన్న రకాల్లో ఎక్కువ భాగం పగటి నిడివిని పెద్దగా లెక్కచేయవు గాని, సూర్యుడు దక్షిణానికి జరిగాక వచ్చే చలిని తట్టుకోలేవు. 150 రోజుల సాంబ మసూరి నారు జులై మూడో వారంలో పోస్తే పూత నవంబరు నడుమకు పడి, ఉత్తర తెలంగాణలో రాత్రి చలికి తాలు గింజలు పెరుగుతాయి. ఆలస్యమైనచోట 120–125 రోజుల్లో వచ్చే కాటన్‌దొర సన్నాలు, తెలంగాణ సోనా, కూనారం సన్నాలు వంటివి ఎంచుకోవాలి.

కార్తెలను నమ్మి విత్తేవారికి ఇక్కడొక వివరణ అవసరం. సూర్యుడు ఒక్కో నక్షత్రాన్ని దాటే 13, 14 రోజుల కాలమే కార్తె కాబట్టి అది తిథుల కన్నా సేద్యానికి నమ్మదగిన లెక్క. అయితే భూమి అక్షం వేగం తగ్గిన బొంగరంలా సుమారు 26,000 ఏళ్లకొక చుట్టు చుట్టడం వల్ల, నక్షత్రాల లెక్కకూ రుతువులకూ దాదాపు 72 ఏళ్లకొక రోజు ఎడం పెరుగుతోంది. డిసెంబరు 21, 22 తేదీల్లోనే సూర్యుడు ఉత్తరానికి మళ్లినా మకర సంక్రాంతి జనవరి నడుమ రావడం అందుకే. ఏడు వందల ఏళ్ల కిందట పుట్టిన కార్తె సామెత ఏదైనా ఉంటే, అది చెప్పే అదను నేటి కార్తెకు సుమారు పది రోజులు ముందే వచ్చి ఉంటుంది.

నార కోసం గోగు వేసే ఉత్తరాంధ్ర రైతులు తొలకరికే విత్తాలి. ఆగస్టుకు జరిగితే పొట్టిగా ఉండగానే పూసి, నార పొడవు తగ్గుతుంది. రోడ్డు పక్క పొలాల్లో రాత్రంతా దీపం పడే మేర కంది, సోయాచిక్కుడు పచ్చగానే నిలిచి ఆలస్యంగా పూస్తే అది తెగులు కాదు, చీకటి తెగడం. మందు కొట్టడం దండగ, దీపానికి చేను వైపు మరుగు కట్టించుకుంటే చాలు. ఆగస్టు చివరి దాకా వాన పడని మెట్ట చేలకు ఉలవ మిగిలే ఉంటుంది. జూన్‌లో వేస్తే తీగలు సాగి కాయ పట్టని ఈ పంటను ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే వేయాలి.