యోబును కలవరపరచిన సన్నిధి

పాఠ్యభాగము: యోబు 22:21 – 23:17, 28వ అధ్యాయము



దుఃఖములో నున్నవారిని పరామర్శింపబోయి మనము "దేవుడు మీతోనే యున్నాడు" అని చెప్పుచుందుము. అనేకులకు ఆ మాట ఆదరణ. యోబుకు మాత్రము అదియే కలవరము.

ఎలీఫజు అతనితో, దేవునితో సమాధానపడుము, నీ బంగారమును మట్టిలో పారవేయుము, సర్వశక్తుడే నీకు బంగారమగును అని హితవు చెప్పెను. యోబు ఆ బంగారపు మాటనే పట్టుకొని, శోధింపబడిన తరువాత తానే బంగారమువలె కనబడుదునని జవాబిచ్చెను (23:10). మన ప్రసంగములు చాలవరకు ఇచ్చటనే ఆగిపోవును. ఇంకొక ఐదు వచనములు చదువుడి. ఆ యోబే దేవుని సన్నిధిని తలంచి భయపడుచున్నాడు. తూర్పున వెదకినను పడమట వెదకినను ఆయన కనబడడు. ఆయన చేయి మాత్రము తనమీదనే యున్నది.

కనబడని బరువు క్రింద పనిచేయుట బేతమంగళవారికి, కోలారు గనులవారికి క్రొత్త సంగతి కాదు. మన పాలారు చెరువు నీరు త్రాగి గనిలోనికి దిగినవారు ఛాంపియన్ రీఫ్‌లో 3 కిలోమీటర్లు దాటిన లోతున పనిచేసిరి. అచ్చట రాతిలోని ఒత్తిడి కంటికి తెలియదు; రాక్ బరస్ట్ అయినప్పుడే తెలియును. 28వ అధ్యాయము చదివినప్పుడు వారే జ్ఞాపకము వత్తురు. చీకటిలో సొరంగము త్రవ్వువారు, మనుష్య సంచారము లేనిచోట వ్రేలాడువారు, బంగారపు పొడి: బైబిలులో గనిపనిని ఇంత వివరముగా చెప్పిన భాగము మరియొకటి లేదు. అంత త్రవ్వినను జ్ఞానము దొరకదనియు, ప్రభువునందలి భయభక్తులే జ్ఞానమనియు ఆ అధ్యాయము ముగియును.

23:15లోని భయమునకు హెబ్రీలో వాడిన మాట "పహద్", అనగా గుండె అదరుట. 28:28లోని మాట "యిర్ఆ", అనగా భయభక్తులు. మొదటిది ఉన్నచోట రెండవది లేదని తలంచకుడి. మొదటి అధ్యాయము మొదటి వచనమే యోబు దేవునియందు భయభక్తులు గలవాడని చెప్పుచున్నది.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను. అప్పటినుండి పనికొరకు బెంగళూరు రైలెక్కుచున్న కుటుంబములు ఈ ప్రాంతమున అనేకము. అట్టి యింటిలో ఎవరైనను "దేవుడు నన్ను కొంచెముసేపైనను విడువడేమి?" అని అడిగినయెడల, గద్దింపకుడి. యోబు 7:19లో అడిగినదియు అదియే.

ఎలీఫజు బోధలో తప్పు పట్టుట కష్టము, ఎంతో చక్కని బోధ. అయినను దేవుని కోపము రగులుకొన్నది ఎలీఫజు మీదను అతని స్నేహితుల మీదను. యోబు యుక్తముగా పలికెనని ఆయన సాక్ష్యమిచ్చెను (42:7). ఆ ముగ్గురును ప్రార్థనకొరకు యోబు యొద్దకే పోవలసివచ్చెను.