డీజిల్ బండా, విద్యుత్ బండా?

రేషన్ కిట్లు, మందులు, వీల్‌చైర్లు పాతబస్తీ గల్లీల్లోకి చేరవేయడానికి సేవాసంస్థలు బండి కొనాలనుకున్న ప్రతిసారీ దాతలు అడిగే ప్రశ్న ఇది. కొనేది అమానత్ సొమ్ముతో. కాబట్టి ధర ఒక్కటే చూస్తే సరిపోదు. ఆ బండి పొగ ఎవరు పీలుస్తారు, రాత్రి దాన్ని ఎవరి ఇంటి కింద నిలుపుతాం అన్నది కూడా లెక్కలోకి రావాలి.

ముందు పొగ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బి.ఎస్.-6 వాహనాలు మెరుగే. కాని పాతవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. పైగా పత్తర్‌గట్టీ, లాడ్ బజార్ లాంటి చోట్ల బండి కదిలేది తక్కువ, ఇంజన్ ఆపకుండా నిలబడేది ఎక్కువ. ఇరుకు గల్లీలో రెండు వైపులా గోడలే. ఆ పొగ గడప మీద ఆడుకునే పిల్లలకే తగులుతుంది. విద్యుత్ బండికి ఈ పొగ లేదు. టైర్లు లేపే దుమ్ము మాత్రం దానికీ తప్పదు.

అలాగని విద్యుత్ బండి కాలుష్యమే లేనిదనడం సరికాదు. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరుకు 25 కిలోమీటర్లు నడిచే సరుకు ఆటో 100 కిలోమీటర్లకు దాదాపు 11 కిలోలు వదులుతుంది. అదే పని చేసే విద్యుత్ ఆటోకు 9 యూనిట్లు పడతాయనుకుందాం. మన దేశంలో యూనిట్ కరెంటుకు సగటున 0.7 కిలోల చొప్పున వస్తుంది కనుక 6 కిలోల పైచిలుకు అవుతుంది. తగ్గింది, కాని పోలేదు. మన గల్లీలో లేని పొగలో కొంత రామగుండంలోనో, పాల్వంచలోనో బొగ్గు మండే చోట లేస్తుంది. బ్యాటరీ తయారీ భారం దీనికి అదనం. అయినా వేల మంది గుమిగూడే బజారులో పొగ లేకపోవడం పెద్ద మేలే అని మా అభిప్రాయం.

ఇక భద్రత. దాతలు ఎక్కువగా భయపడేది దీనికే, ఆ భయానికి కారణమూ ఉంది. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక హోటల్ భవనం కింద ఉన్న విద్యుత్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచాయి. పొగ పై అంతస్తులను కమ్మేసింది. 8 మంది చనిపోయారు. ఆ ఏడాది డిసెంబర్ నుంచి రెండు, మూడు చక్రాల విద్యుత్ వాహనాల బ్యాటరీలకు ప్రభుత్వం కఠినమైన పరీక్షలు పెట్టింది. కొనేటప్పుడు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉందా అని అడగాలి. మిగతా లిథియం రకాలతో పోలిస్తే అది వేడిని ఎక్కువగా తట్టుకుంటుంది.

డీజిల్ బండికీ మంటలు అంటుకుంటాయి. అయితే లిథియం మంట తీరు వేరు. ఆరిందనుకున్నాక గంటల తర్వాత కూడా మళ్లీ రాజుకోవచ్చు, చల్లార్చడానికి చాలా నీరు కావాలి. ఫైరింజన్ దూరలేని గల్లీలో ఆ నీరెక్కడిది? 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర ఇంట్లో జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది ప్రాణాలు పోయాయి. దానికీ వాహనాలకూ సంబంధం లేదు. కాని బయటికొచ్చే దారి ఇరుకైతే ఏమవుతుందో అది చూపింది. అందుకే మెట్ల కింద, గుమ్మం పక్కన, అందరూ నిద్రపోయే వేళ ఛార్జింగ్ పెట్టకూడదు. ఎండలో తిరిగొచ్చిన బండిని కాసేపు చల్లారనివ్వాలి. కంపెనీ ఛార్జర్, ఎర్తింగ్ ఉన్న ప్రత్యేక లైను ఉండాలి. 2020 అక్టోబర్ వరదల్లో ఫలక్‌నుమా వైపు కాలనీలు మునిగాయి. అలా నీట మునిగిన బండిని మెకానిక్ చూడకుండా ఛార్జింగ్‌కు పెట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

చప్పుడు లేకపోవడం మరో చిక్కు. చెవి సరిగా వినబడని పెద్దలు వెనకొచ్చే బండిని గమనించరు. డ్రైవర్ నెమ్మదిగా పోవాలి.

మా లెక్కలో బస్తీలో రోజుకు 50, 60 కిలోమీటర్లు తిరిగే సరుకు బండి విద్యుత్‌దే కావాలి. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్‌లో ఇచ్చిన రోడ్ ట్యాక్స్ మినహాయింపు 2026 డిసెంబర్ 31 వరకు ఉంది. జనాజాను అర్ధరాత్రి కర్నూలు దాకా, 200 కిలోమీటర్లకు పైగా, తీసుకెళ్లాల్సిన వ్యాన్‌కు మాత్రం ప్రస్తుతానికి బి.ఎస్.-6 డీజిలే నమ్మకం. దారిలో ఛార్జింగ్ కోసం ఆగితే ఆ కుటుంబం తట్టుకోలేదు.

బండికి డబ్బు ఇచ్చేవారు దొరుకుతున్నారు. దొరకనిది దాన్ని ఛార్జింగ్ పెట్టే జాగా. షాలిబండ, హుస్సేనీ ఆలం ప్రాంతాల్లో పైన ఇళ్లు లేని, గాలి ఆడే రేకుల షెడ్డు ఎవరికైనా ఉంటే, దాన్ని రాత్రిపూట వాడుకోనిచ్చినా బండి ఇచ్చినంత సాయమే.