జేబులో అప్రస్తుత ప్రసంగి

ఎనిమిది మంది పృచ్ఛకులు ఒకే కవిని ఒకేసారి పరీక్షించే అష్టావధానం చూసినవాళ్లకు అప్రస్తుత ప్రసంగి ఓ పట్టాన మరుపుకు రాడు. అవధాని సమస్యాపూరణానికి పాదం కడుతుంటే ఈయన మధ్యలో దూరి, "అవధానిగారూ, ఇవాళ మీ ఇంట్లో కూరేమిటి?" అంటాడు. సభ గొల్లుమంటుంది. అవధాని అంతకంటే గడుసుగా ఓ మాట విసిరి, వదిలేసిన పాదం దగ్గరికి వెళ్లిపోతాడు. చిన్నప్పుడు నాకు ఆ చమత్కారమే పెద్ద విద్యగా కనిపించేది. అసలు విద్య ఆ తరవాతి క్షణంలో ఉందని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. చెదిరిన మనసు సరిగ్గా వదిలిన చోటికే రావాలి. అవధానికి అన్నం పెట్టేది అదే.

మన జేబులోనూ ఒక అప్రస్తుత ప్రసంగి కూర్చున్నాడు. టింగుమంటాడు. మనం బదులిచ్చి ఊరుకోం. ఆయన వెంట ఊరంతా తిరిగి, అరగంటకి "ఇంతకీ నేనేం చేస్తున్నాను?" అనుకుంటూ ఇల్లు చేరతాం.

అవధాని పడే పాట్లు ఒకసారి దగ్గరగా చూడండి. నిషిద్ధాక్షరిలో ఆయన "శ్రీ" అన్నాడనుకోండి. తరవాత 'రామ' వస్తుందని పసిగట్టి పృచ్ఛకుడు 'ర' వద్దంటాడు. అవధాని "మ" అంటాడు. 'శ్రీమహాలక్ష్మి' కాబోలని పృచ్ఛకుడు 'హ'కు అడ్డుపడతాడు. అవధాని నింపాదిగా "తి" అంటాడు. శ్రీమతి! అక్కడితో ఆపి, మరో పృచ్ఛకుడు దత్తపదిగా ఇచ్చిన మాటల్లో ఒకటి ఇమిడ్చి ఒక పాదం చెప్పాలి. ఇంకొకరు వ్యస్తాక్షరి కింద వరస తప్పించి ఏ పదకొండో అక్షరమో చీటీ మీద చూపించి పోతారు. వెనక ఎవరో గంట కొడుతుంటారు, దాని లెక్కా తప్పకూడదు. ఆవృత్తికి ఒక పాదం చొప్పున నాలుగు ఆవృత్తులు తిరిగాక, పద్యాలన్నీ కాగితం చూడకుండా ఒప్పజెప్పాలి. అది ధారణ. రెండు మూడు గంటలు సాగిన సభకు అసలు పరీక్ష ఆ చివరి పది నిమిషాలే.

అంతమంది మధ్యకు మొదటి రోజే వెళ్లి కూర్చున్నవాడు ఎవడూ లేడు. తేటగీతి, ఆటవెలది పద్యాల్లో ప్రాస నియమం లేదు, అక్కడ కొత్తవాడికి కాస్త ఊపిరాడుతుంది. కందానికి వచ్చేసరికి ప్రాస తోడవుతుంది, ఏ గణం ఎక్కడ పడాలన్న పేచీ మొదలవుతుంది. కందం చెప్పినవాడే కవి అన్న సామెత ఊరికే పుట్టలేదు. నూరుమంది పృచ్ఛకుల శతావధానాలతో ఊళ్లను ఊపేసిన తిరుపతి వేంకట కవులు కూడా ముందు చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారి దగ్గర కూర్చుని చదువుకున్న శిష్యులే.

మనకు మాత్రం తొలిరోజే శతావధానం కావాలి! జనవరి ఒకటిన తెల్లవారుజామున నాలుగింటికి అలారం, గంట వ్యాయామం, గంట ఇంగ్లిషు, నెలకు నాలుగు పుస్తకాలు. సంక్రాంతి ముగ్గులు చెరిగేలోపు అలారం కూడా మూగబోతుంది.

నా సంగతి చెబుతాను. ఆఫీసులో డిపార్ట్‌మెంటల్ పరీక్ష రెండుసార్లు తప్పాను. అదీ పుస్తకం చూసి రాయనిచ్చే పేపరు. ఏ రూలు ఏ పేజీలో ఉందో వెతుక్కునేసరికి బెల్లు కొట్టేశారు. ఆదివారాలు నాలుగేసి గంటలు చదివేవాణ్ని, సోమవారానికి అంతా ఆవిరి. మూడోసారి పంతం తగ్గించుకుని రోజుకు ఇరవై నిమిషాలు పెట్టుకున్నాను. రెండే రెండు రూళ్లు. పుస్తకం మూసి వాటిని నా మాటల్లో చెప్పుకోవడం. మర్నాడు నిన్నటి చివరి రూలుతో మొదలుపెట్టి కొత్తది అతికించడం.

ఈ అతుకు నా సొంత తెలివి కాదు. వేదపాఠశాలల్లో క్రమపాఠం అంతే. ఒకటో పదం రెండోదానితో, రెండోది మూడోదానితో, మూడోది నాలుగోదానితో కలిపి చెబుతారు. ఏ పదమూ ఒంటరిగా ఉండదు, ముందుదాని చెయ్యి పట్టుకునే ఉంటుంది. మీరు గిటారు నేర్చుకోండి, కోడింగ్ నేర్చుకోండి, నిన్నటి చివరి ముక్క దగ్గరే ఇవాళ మొదలుపెట్టండి. "నిన్న ఎక్కడ ఆపాం?" అని తడుముకునే పని తప్పుతుంది.

ఫోన్ ప్రసంగిని పూర్తిగా బహిష్కరించమని చెప్పను, అవధానంలోనూ ఆయన్ని బయటకు పంపరు. లేచేముందు కాగితం మీద ఒక ముక్క రాసి లేవండి: "మూడో పట్టిక, రెండో వరస సరిచూడాలి" అని. ఫోన్ మాట్లాడి వచ్చి చీటీ చూసుకుంటే చాలు. ముందు తలుపేసుకున్న గదిలో సాధన చేయండి. ఓ పదిహేను రోజులు పోయాక టీవీ మోగే హాల్లో కూర్చోండి. ఆ తరవాత బస్సులో. ఒక్కో పృచ్ఛకుణ్ని చేర్చుకుంటూ పోవడమే.

ఎన్నాళ్లకు అలవాటవుతుందని అడుగుతారు. ఇరవయ్యొక్క రోజులన్న మాట వేదికలెక్కి చెప్పేవాళ్లను నేను నమ్మను. అమెరికాలో ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్ 1960లో అచ్చువేసిన పుస్తకంలో, తన రోగులు కొత్త ముఖానికి అలవాటుపడటానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశారు. 'కనీసం' కాస్తా నోళ్లలో నాని రాలిపోయింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించింది. పని తనంతట తాను జరిగే స్థితికి చేరడానికి సగటున 66 రోజులని తేలింది. మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉండొచ్చని లెక్కగట్టారు. అందులోనే నాలాంటివాళ్లకు ఊరటనిచ్చే సంగతి మరొకటి బయటపడింది. ఒక రోజు నాగా పడినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు. కాబట్టి నిన్న మానేసినందుకు ఇవాళ రెట్టింపు చేసి ఒళ్లు హూనం చేసుకోవద్దు. ఇవాళ్టి ఇరవై నిమిషాలు చేయండి, అంతే. వరసగా రెండో రోజు నాగా పడకుండా మాత్రం చూసుకోండి. అది నేను అనుభవం మీద చెబుతున్న మాట.

మూడోసారి పరీక్ష గట్టెక్కింది. మార్కులు గొప్పగా ఏమీ రాలేదు.

ఇప్పుడు పుస్తకం మూయండి. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు వద్దన్న రెండు అక్షరాలేమిటో చెప్పండి. ఇది చదువుతుండగా మీ ఫోన్ ఎన్నిసార్లు మోగిందో, ఆ గంటల లెక్క కూడా చెప్పండి.