నల్లగుడ్డు మీద తెల్లమచ్చ: పుండా, వాపా?

దాళ్వా నూర్పిళ్లప్పుడు ఎర్రకన్నుతో వచ్చిన కోనసీమ రైతుని డాక్టరు మొదట అడగాల్సింది: "కంట్లో ఏం పడిందండీ?" వడ్లగింజ, ఊక, కొబ్బరాకు కొస, ఏది తగిలినా బూజు పుండు అనుమానం ముందుకొస్తుంది. రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం: "ఏం చుక్కలు వేశారు?" వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు, నొప్పి తగ్గినట్టే ఉంటాయి, లోపల బూజు మాత్రం పాకుతూనే ఉంటుంది. అందుకే ఆ సీసా వెంట తీసుకెళ్లాలి.

తర్వాత స్లిట్ ల్యాంప్ అనే కంటి సూక్ష్మదర్శినితో పరీక్ష. ఫ్లోరెసిన్ కాగితం తాకించి నీలి వెలుతురులో చూస్తే, పైపొర లేచిన మేర పచ్చగా మెరుస్తుంది. ఈకల్లా చీలిన అంచు, చుట్టూ పిల్లమచ్చలు ఉంటే బూజు కావచ్చు. కొమ్మలుగా చీలిన గీత, తాకితే తెలియని కన్ను అయితే హెర్పిస్. నల్లగుడ్డు అంచుకి కాస్త ఎడంగా, మధ్యలో తేట పట్టీ వదిలి చిన్న మచ్చ, రెప్పల మొదళ్లలో పొట్టు కనిపిస్తే అది రెప్పల మీది బ్యాక్టీరియాకి ఒంటి ప్రతిస్పందన, అంటే వాపు. నల్లగుడ్డులో క్రిమి ఉండదు. అంచునే మొదలై గట్టు కింద తొలుచుకుపోతూ, విపరీతంగా నొప్పెట్టేది మూరెన్ పుండు. ఇలాంటి అంచు పుండ్లలో కీళ్లవాతం గురించి కూడా అడగాలి.

చూపుతో తేలేది కొంతే. లక్షణాలన్నీ సరిపోయిన చిన్న మచ్చని గీకకుండా వదిలేసినా, పెద్ద పుండుని గీకి చూడాల్సిందే. మత్తు చుక్కలు వేసి, 15వ నంబరు బ్లేడుతో పుండు అంచునీ అడుగునీ గీకుతారు. ఒక గాజుపలక మీద పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ వేస్తే బూజు దారాలు కొద్దిసేపట్లోనే కనబడతాయి. ఇంకోదానికి గ్రామ్ రంగు. మిగతాది బ్లడ్ అగర్, సబురో అగర్ మీద. బ్యాక్టీరియా సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో పెరుగుతుంది, బూజుకి వారం పైన పట్టొచ్చు. ఇలాంటి కేసులకి విజయవాడ దగ్గర తాడిగడపలో 2011 నుంచి ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది.

బూజు కనబడితే ఐదు శాతం నాటమైసిన్ మొదలుపెడతారు. ఏమీ కనబడకపోతే తొందరపడి వాపు అనుకుని స్టెరాయిడ్ వేయకూడదు. ముందే యాంటీబయాటిక్ వాడిన కంట్లో క్రిమి పలక మీదికి రాకపోవచ్చు, లోతున దాగినది బ్లేడుకి అందకపోవచ్చు. అప్పుడు మళ్లీ గీకుతారు. అయినా దొరక్కపోతే నల్లగుడ్డులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు.