ఉత్త ప్లేటు

పచ్చనాచు జన్యువులతో పనిచేయాలని వచ్చే పిల్లలకు నేను చెప్పేవి ఇవి.

1. ముందు చెరువు మట్టిని చూడండి. వేసవిలో బుక్కరాయసముద్రం చెరువు అడుగు నుంచి ఎండిన మట్టిపెళ్ల తెచ్చి, కాచి చల్లార్చిన నీళ్లలో వేసి కిటికీ పక్కన పెట్టేవాణ్ని. కొన్నాళ్లకు గాజు అంచున పచ్చటి పొర పట్టేది. కరువును మట్టిలోనే దాటుకుని వచ్చిన బతుకు అది. ల్యాబుల్లో పెంచే పచ్చనాచు క్లామిడోమోనాస్ రైన్‌హార్డీ కూడా 1945లో అమెరికాలో ఓ ఆలుగడ్డల చేని మట్టిలో దొరికిందే.

2. మార్కర్ జన్యువు చేట లాంటిది. శెనక్కాయలు చెరిగితే పొట్టూ లొట్టలూ పోయి గట్టికాయలు నిలుస్తాయి. కణాలను గాజుపూసలతో కలిపి కొన్ని సెకన్లు గిలకొడితే, లక్షల్లో కొన్నింటిలోకే మనమిచ్చిన డీఎన్ఏ దిగుతుంది. కారెన్ కిండిల్ 1990లో చూపిన పద్ధతి ఇది. డీఎన్ఏ దిగిన కణాలు ఏవో కంటికి తెలియదు. అందుకే మందును తట్టుకునే ఈ మార్కర్ జన్యువును తోడిచ్చి పంపి, మందు కలిపిన ప్లేటు మీద పరుస్తాం.

3. మందు ఎలా చంపుతుందో తెలుసుకోకుండా మార్కర్‌ను ఎంచుకోవద్దు. నేను మొదట పట్టుకున్నది జియోసిన్ అనే మందును తట్టుకునే బ్లె జన్యువు. 1996లో స్టీవెన్స్, రోషే, పర్టన్ దీన్ని క్లామిడోమోనాస్‌లో పనిచేయించారు. అది స్ట్రెప్టోఅలోటైకస్ హిందుస్తానస్ అనే బ్యాక్టీరియాది. ఆ పేరులో మన దేశం కనబడగానే ఎంత సంతోషించానో! దాని డీఎన్ఏలోనూ క్లామిడోమోనాస్‌లో లాగే జి, సి అక్షరాలే ఎక్కువ, అందుకే బాగా ఇమిడింది. అయితే బ్లె ప్రోటీన్ మందును విరగ్గొట్టదు, పట్టుకుని కూర్చుంటుంది. మందు ఎంతుంటే ప్రోటీన్ అంత కావాలి. చాలకపోతే జియోసిన్ వెళ్లి కణం డీఎన్ఏనే తెంపుతుంది. బతికినవాటిలోనూ మనం కోరని మార్పులు మిగలవచ్చు. 2001లో సిజోవా బృందం వాడిన ఏపీహెచ్-8 అలా కాదు. అది ఎంజైము, పారోమోమైసిన్‌కు ఫాస్ఫేటు తగిలించి పనికిరాకుండా చేసి, మరో అణువు మీదికి వెళుతుంది. కొంచెమున్నా చాలు. నేనైతే దీన్నే వాడమంటాను.

4. జియోసిన్‌కు వెలుతురు పడదు. ఓ ఏప్రిల్‌లో ప్లేట్లు పోసి, గట్టిపడేదాకా అని కిటికీ బల్ల మీద వదిలి, మర్నాడు తీసి కణాలు పరిచాను. వారం తర్వాత ప్రతి ప్లేటూ పచ్చగా ఉంది. ఎగిరి గంతేశాను. కిందనున్న ఉత్త ప్లేటు, అంటే జన్యువు ఇవ్వని కణాలు పరిచింది, అదీ అంతే పచ్చగా ఉంది! మా అనంతపురం ఎండకు మందు చచ్చింది. రెండు నెలల పని పోయింది.

5. మందే కానక్కర్లేదు. ఆర్జినైన్ పెడితే తప్ప బతకలేని రకానికి ఏఆర్‌జీ7 జన్యువును తిరిగిస్తే, ఆర్జినైన్ లేని ప్లేటు మీదా మొలుస్తుంది. 1989 నుంచీ ఉన్న దారి.

6. ప్లేటు మీద బతికిన పచ్చటి చుక్కలో మార్కర్ ఉందని మాత్రమే తెలిసింది. మనకు కావలసిన జన్యువు సగమే తెగి దిగిందా, దిగీ మూగబోయిందా అన్నది పీసీఆర్ చేసి, ప్రోటీన్ చూసి తేల్చుకోవాలి. క్లామిడోమోనాస్ కొత్త జన్యువు నోరు తరచూ మూయించేస్తుంది. కనీసం ఇరవై చుక్కలు తీయండి నాయనా, ఒక్కదాన్నే నమ్ముకుని నెలలు పోగొట్టుకోవద్దు.

7. ప్లేట్లు పరిచే రోజు మొట్టమొదట ఉత్త ప్లేటు మీదే పేరు, తేదీ రాయండి.