గొలుసు పట్టినవారు

రైతునకు పొలము ప్రాణసమానము. గట్టు జానెడు జరిగినను ఇరుగుపొరుగువారు శత్రువులగుదురు. అట్టి తగవులకు తావులేకుండ భూమిని కొలిచి, హద్దురాళ్లు పాతించువారే సర్వేయర్లు.

1794లో మైకేల్ టాపింగ్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు చెన్నపట్టణమున ఒక సర్వే పాఠశాలను నెలకొల్పెను. అందు మొదట చేరినవారు ఎనిమిదిమంది బాలురు మాత్రమే. కాలక్రమమున ఆ పాఠశాలయే గిండీ ఇంజనీరింగు కళాశాల ఆయెను.

1800లో నిజాము దత్తమండలములను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చెను. అచ్చటికి కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1802లో పొలములను కొలిపింప నారంభించెను. పొలమును బట్టి పన్ను విధింపవలెనన్న, దాని విస్తీర్ణము తెలియవలెను గదా! ఆయన సర్వేలో వాడిన గొలుసు పొడవు 33 అడుగులు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు గల నేల 1089 చదరపు అడుగులు. అట్టివి నలుబది చేరిన ఒక ఎకరము. తెలంగాణమున జనులు వాడు గుంట కొలతయు ఇంతియే.

మరియొక గొలుసు 66 అడుగులది. దానిని 1620 ప్రాంతమున ఎడ్మండ్ గంటర్ అను ఆంగ్ల గణితజ్ఞుడు రూపొందించెను. అందు నూరు లింకులుండును. పది చదరపు గొలుసులు ఒక ఎకరము. అందు నూరవవంతు సెంటు. అనగా సెంటు వేయి చదరపు లింకులు.

కొలుచునపుడు గొలుసును ఇరువురు పట్టుదురు. ముందువాడు పది ఇనుపచీలలను చేతబూని, గొలుసు ముగిసినచోట నెల్ల ఒక్కొక్క చీలను గ్రుచ్చును. వెనుకవాడు వానిని ఏరుకొనుచు వచ్చును. ఏరిన చీలలెన్నియో, కొలిచిన గొలుసులన్ని. వంకరటింకర పొలమునైనను త్రిభుజములుగా విభజించి వైశాల్యము కట్టుదురు.

ఈ పనిలో చిన్న పొరపాటు పెద్ద నష్టము తెచ్చును. లాగి లాగి గొలుసు సాగి, నూరు లింకులకు బదులు నూటయొక్క లింకుల పొడవైనదనుకొనుడు. దానితో పది ఎకరముల చతురస్రపు పొలమును కొలిచినచో, సుమారు 9 ఎకరముల 80 సెంట్లే తేలును. ఇరువది సెంట్ల నేల లెక్కలో మాయమగును! గొలుసు కురుచయైనచో, లేని భూమికి రైతు పన్ను కట్టవలసివచ్చును. అందుచేత జాగరూకుడగు సర్వేయరు తన గొలుసును తరచు సరిచూచుకొనెడివాడు.

1923లో మద్రాసు రాష్ట్రమున సర్వే, సరిహద్దుల చట్టము వచ్చెను. దాని ప్రకారము హద్దు నిర్ణయమును భూస్వామికి తెలుపవలెను; సమ్మతింపనివాడు అప్పీలు చేసికొనవచ్చును. 2020లో ఆంధ్రప్రదేశమున ఆరంభమైన పునఃసర్వేలో ఉపగ్రహ సంకేతములను, డ్రోనులను వినియోగించిరి.

పనిముట్లు మారినను సర్వేయరు ధర్మము మారలేదు. ధనికుని పొలమునకును, పేదవాని పొలమునకును ఒకే కొలత యుండవలెను. అపుడే హద్దురాయికి విలువ.